పుట్టు వెంట్రుకలు తీయించే రోజు: మొక్కు చీటీ నుంచి గుండు ఆరేదాకా

పుట్టు వెంట్రుకలు తీయించాలని అనుకోగానే చాలామంది క్యాలెండర్ ముందు నిలబడతారు. ముందు తేల్చుకోవాల్సింది తారీఖు కాదు, మొక్కు ఎవరిదని. ముహూర్తం పంచాంగంలో దొరుకుతుంది. ఆ రోజు పని సాఫీగా నడిచేది మాత్రం పిల్ల నిద్ర, పిల్ల ఆకలి, పెద్దవాళ్ళ మాట అనే మూడు లెక్కల మీద. ఇవి కుదరకపోతే ఎంత మంచి లగ్నమైనా ఏడుపుతోనే గడుస్తుంది.

మొక్కు ఏ దేవుడికి

రెండు ఇండ్ల పెద్దవాళ్ళనూ విడివిడిగా అడగండి. నాయనమ్మ ఇంట్లో యాదగిరిగుట్టే ఇలవేల్పు అని అందరికీ తెలిసి ఉంటుంది. అమ్మమ్మ మాత్రం కాన్పు కష్టమైన రాత్రి నల్గొండ దగ్గరి చెరువుగట్టు జడల రామలింగేశ్వరునికి మొక్కుకొని, ఆ మాట మనసులోనే పెట్టుకొని ఉంటుంది. అడగకపోతే అది బండి ఎక్కే పొద్దుగాల బయటపడుతుంది. పాలమూరు దిక్కైతే మన్యంకొండ, కురుమూర్తి, బీచుపల్లి అంజన్న, అలంపురం జోగులాంబ. కృష్ణ ఒడ్డు ఊర్లలో మట్టపల్లి, వాడపల్లి నరసింహస్వాములు. జాన్‌పహాడ్ దర్గా సైదులుకు మొక్కే హిందువుల ఇండ్లు కూడా తక్కువేం కాదు. ఆ చుట్టుపక్కల సైదులు, సైదమ్మ అనే పేర్లు ఇన్ని ఉన్నది అందుకే.

రెండు మొక్కులు తేలితే కొట్లాట అక్కరలేదు. మొదటి వెంట్రుకలు ఇలవేల్పుకు, రెండోసారి పెరిగినవి రెండో దేవుడికి. ఆ రెండో మొక్కుకు ఇప్పుడే ముడుపు కట్టండి: జానెడు కొత్త తెల్లగుడ్డను పసుపు నీళ్ళలో తడిపి ఆరబెట్టి, అందులో 11 రూపాయలు, రెండు అక్షింతలు పెట్టి, పిల్ల పేరు, దేవుని పేరు చెప్పి మూడు ముళ్ళు వేసి దేవుని అర్రలో కట్టాలి. గుడ్డ తడిగా ఉండగానే కడితే నోట్లకు బూజు పడుతుంది, అందుకే బిళ్ళలే మంచివి. ఎవరి మొక్కో, ఎప్పుడు మొక్కారో ఒక చీటీ మీద రాసి క్యాలెండర్ వెనక అంటించండి. ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఏ నెల, ఏ రోజు

బేసి లెక్క అందరికీ తెలిసిందే: 9వ నెల, 11వ నెల, లేదంటే 3వ ఏడు, 5వ ఏడు. మెడ గట్టిగా నిలవని పిల్లకు కత్తి పెట్టించొద్దు. మా లెక్కలో 11వ నెల అన్నిటికంటే మంచిది. పిల్ల సొంతంగా కూర్చుంటుంది, ఇంకా పరుగెత్తదు. 3వ ఏడు దాకా ఆగితే కత్తి అంటే ఏమిటో తెలుస్తుంది, భయం కూడా తెలుస్తుంది. ఇద్దరు పట్టుకున్నా ఆగదు. తల్లి మళ్ళీ కడుపుతో ఉంటే చాలా ఇండ్లల్లో తీయించరు. ఆ మాట వచ్చే వీలుంటే 11వ నెల దాటనీయకండి.

ఆషాఢం, మూఢం, పిల్ల జన్మ నక్షత్రం వంటివి అయ్యగారు చూసుకుంటారు. మీరు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. 9 నెలలు నిండగానే తట్టు టీకా ఉంటుంది. అది వేసిన 7 నుంచి 12 రోజుల మధ్యలో కొందరు పిల్లలకు జ్వరం, ఒంటి మీద దద్దు వస్తాయి. గుండు తర్వాత జ్వరం వస్తే అందరూ గుండు మీదకే, దిష్టి మీదకే తోస్తారు. అందుకే టీకా తర్వాత రెండు వారాలు గడవనివ్వండి. టీకాను వెనక్కి జరపొద్దు, ముహూర్తాన్నే జరపాలి.

ఏప్రిల్, మే నెలల్లో మన దిక్కు రాతిమెట్లు పది గంటలకే కాలుతాయి. కార్తీకం, మాఘం, ఫాల్గుణం మొదటి సగం హాయి. శని, ఆదివారాలు వదిలి బుధ, గురువారాలు చూడండి. యాదగిరిగుట్టలో స్వాతి నక్షత్రం రోజు జనం ఎక్కువ, అది నరసింహస్వామి జన్మ నక్షత్రం. చెరువుగట్టుకు అమావాస్య రాత్రి జనం కిక్కిరిసి వస్తారు, పసిపిల్లతో ఆ రోజు వద్దు. కురుమూర్తి అయితే జాతర రోజులు, ముఖ్యంగా స్వామి పాదుకలు ఊరేగించే ఉద్దాల రోజు, మొక్కు చెల్లించడానికి పెద్దవాళ్ళకే కష్టం.

మేనమామ ఒక రోజు ముందే రావాలి

ఈ పనికి మేనమామే పెద్ద. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది ఆయన, మొదటి కత్తెర వేసేది ఆయన, కొత్త బట్టలు తెచ్చేది ఆయన. స్థోమత ఉంటే వెండి మురుగులో, ఉంగరమో పెడతాడు. తేదీ అయ్యగారి దగ్గర ఖాయం చేసే ముందే ఆయనకు ఫోన్ చేసి "బావా, ఈ రెండు తారీఖుల్లో నీకు ఏది వీలు?" అని అడగాలి. ఖాయం చేశాక చెబితే రావడం వస్తాడు గానీ ఆ మాట పదేళ్ళు మోస్తాడు. సొంత మేనమామ లేకపోతే తల్లి చిన్నాయన కొడుకో, పెద్దమ్మ కొడుకో వరుసకు మేనమామే. ఇద్దరు ముగ్గురు ఉంటే పెద్దాయన ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, మిగతా వాళ్ళు తలా ఒక కత్తెర వేయాలి.

అందరూ మరిచేది ఒకటుంది. 9 నుంచి 11 నెలల పిల్లలకు కొత్త ముఖం అంటే బెదురు. పట్నంలో ఉద్యోగం చేసే మామ దీపావళికి కనిపించి, నేరుగా కల్యాణకట్టలో ప్రత్యక్షమై ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే పిల్ల కత్తిని చూసి కాదు, మామను చూసి ఏడుస్తుంది. ముందు రోజు పొద్దుగాలే ఆయన ఇంటికి రావాలి. అన్నం తినిపించాలి, భుజాన వేసుకొని వాకిట్లో తిప్పాలి, రాత్రి తొట్టె ఊపాలి. ఆ పన్నెండు గంటలు వెండి మురుగులకంటే ఎక్కువ పనికొస్తాయి.

పిలుపుల్లో మేనత్తను మరవకండి. వెంట్రుకలు కింద పడకుండా కొంగులోనో, కొత్త జాకెట్ గుడ్డలోనో పట్టేది చాలా ఇండ్లల్లో ఆమే. దానికి ఆమెకు చీరో, జాకెట్ గుడ్డో పెట్టాలి.

సంచిలో ఏమేం

పసుపు, కుంకుమ, అక్షింతలు, ఆకులు, వక్కలు, రెండు కొబ్బరికాయలు, అగరబత్తులు ఎవరైనా సర్దుతారు. మరిచిపోయేవి ఇవి: ఒక లీటరు ఫ్లాస్కులో కాగిన నీళ్ళు, ఒక చిన్న బకెట్, చెంబు, రెండు మెత్తని తువ్వాలలు, విప్పని బ్లేడు ప్యాకెట్, చిన్న కత్తెర, శుభ్రమైన దూది, పాత నూలు గుడ్డ, రెండు జతల బట్టలు, నూలు టోపీ, పిల్లకు ఇష్టమైన ఒక వస్తువు. తాళంచెవుల గుత్తి అయితే బొమ్మకంటే బాగా పనిచేస్తుంది. పది, ఇరవై, యాభై నోట్ల చిల్లర విడిగా ఒక జేబులో పెట్టుకోండి. పెద్ద నోటు తీసి మిగతాది అడగడం ఆ చోట బాగుండదు.

గంధం కోసం ఇంట్లో గంధపు చెక్క ఉంటే సానమీద అరగదీసి ముద్దను చిన్న గిన్నెలో తీసుకెళ్ళండి. అంగట్లో పది రూపాయలకు దొరికే గంధం పొడిలో రంగు, సెంటు కలుస్తాయి. గీరిన నెత్తి మీద పూస్తే సాయంత్రానికి ఎర్రగా పొక్కుతుంది. ఏ గంధమైనా ముందు రోజు పిల్ల చెవి వెనక చిటికెడు రాసి చూడాలి. మరునాటికి ఎర్రబడితే ఆ గంధం వద్దు, ఉత్త పసుపు బొట్టుతో సరి.

మాడు మీద పొట్టు పేరుకొని ఉంటే మూడు రోజుల ముందు నుంచి రాత్రి కొబ్బరినూనె రాసి, పొద్దున మెత్తని గుడ్డతో తుడవండి. పొట్టు అలాగే ఉంటే బ్లేడు దానికి తగిలి నెత్తురు వస్తుంది. చివరి రాత్రి మాత్రం నూనె వద్దు, మరునాడు బ్లేడు జారుతుంది.

ఆ పొద్దు

పిల్ల రోజూ ఏ వేళకు నిద్రపోతుందో మూడు రోజులు రాసుకోండి. లేచిన గంటకు, తిన్న అరగంటకు కత్తెర పడేటట్టు బయలుదేరే టైం వెనక నుంచి లెక్క కట్టాలి. కడుపు నిండగానే కూర్చోబెడితే ఏడ్చి కక్కుతుంది, ఆకలితో కూర్చోబెడితే అసలే ఆగదు. నిద్రలో ఉండగా తీయిద్దామని కొందరు అంటారు. అది ప్రమాదం. నిద్రలో పిల్ల ఉలిక్కిపడితే తల ఒక్కసారిగా కదులుతుంది.

గుట్టకు పోయేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. 2022 మార్చి 28న కొత్త గుడి తెరిచాక లెక్క మారింది. కల్యాణకట్ట, లక్ష్మీ పుష్కరిణి కింద ఉన్నాయి, గుడి పైన. పెద్దవాళ్ళు పాత అలవాటుగా నేరుగా పైకి పోదామంటారు. పోతే మళ్ళీ దిగాలి. కింద వెంట్రుకలు, స్నానం, బట్టలు ముగించుకొని పైకి వెళ్ళాలి. చెరువుగట్టులో పైన మూడు గుండ్ల దగ్గర రాళ్ళ సందులోంచి దూరి రావడం ఆనవాయితీ. ఆ సందు పెద్దవాళ్ళకే ఇరుకు, పిల్లను తల్లి దగ్గర కిందనే ఉంచి మిగతా వాళ్ళు వెళ్ళండి.

కూర్చున్నాక వరుస ఇది.

మేనమామ తూర్పు ముఖంగా బాసింపట్టు వేసి, పిల్ల వీపు తన కడుపుకు ఆనేటట్టు ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. పిల్ల నుదుట బొట్టు పెట్టి, నెత్తి మీద అక్షింతలు వేసి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, నడినెత్తిన ఒకటి, మూడు కత్తెరలు వేయాలి. కొన్ని ఇండ్లల్లో ఐదు. ఫోటో తీసేవాళ్ళకు ఇదే సమయం, కత్తి మొదలయ్యాక ఫ్లాష్ వెలిగించొద్దు.

తర్వాత నెత్తిని గోరువెచ్చని నీళ్ళతో బాగా నానబెట్టాలి. రెండు చుక్కలు చల్లి మొదలుపెట్టనీయకండి. కనీసం మూడు నిమిషాలు అరచేత్తో రుద్దుతూ తడపాలి. ఎండు వెంట్రుకలను బ్లేడు కోయదు, లాగుతుంది. పిల్ల ఏడ్చేది చాలావరకు ఆ లాగుడుకే. వెంట్రుకలు రెండు అంగుళాలు దాటితే ముందు కత్తెరతో పొట్టి చేయమనండి. సబ్బు నురగ వద్దు, కండ్లల్లోకి దిగుతుంది.

బ్లేడు కల్యాణకట్టలో ఇచ్చినదైనా, మీరు తెచ్చినదైనా, మీ ముందరే విప్పి బిగించాలి. "అన్నా, కొత్తది వెయ్యండి" అని మర్యాదగా చెబితే ఎవరూ కాదనరు. నడినెత్తిన మెత్తగా కొట్టుకునే చోటు ఇంకా పూడలేదని కూడా చెప్పండి. అది చాలామంది పిల్లలకు ఏడాదిన్నర దాకా ఉంటుంది. దాని మీద కత్తి పెట్టొచ్చు, చేయి బరువు పెట్టొద్దు.

ఒకరు గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించి తలను నిలపాలి. మేనమామ రెండు చేతులూ పట్టుకోవాలి. మూడో మనిషి ఎదురుగా తాళంచెవులు ఆడించాలి. అంతకుమించి చుట్టూ గుంపు వద్దు. పదిమంది పది రకాల చప్పట్లు కొడితే పిల్ల పది దిక్కులు తల తిప్పుతుంది, గాట్లు పడేది అప్పుడే. చెవి వెనక గీసేటప్పుడు చెవిని ముందుకు మడవాలి, మెడ వెనక గీసేటప్పుడు తలను కొంచెం వంచాలి. చేయి తిరిగిన మనిషికి మొత్తం పని పది నిమిషాలు మించదు. మధ్యలో పిల్ల గుక్కపట్టి ఏడిస్తే ఆపమనండి. తల్లి ఎత్తుకొని రెండు నిమిషాలు తిప్పి తెస్తే మిగతాది అయిపోతుంది. సగం గుండుతో ఉన్న ఆ రెండు నిమిషాల ఫోటో తర్వాత ఇంట్లో అందరికీ ఇష్టమైన ఫోటో అవుతుంది.

చిన్న గాటు పడితే పొడి దూదితో మూడు నిమిషాలు వదలకుండా అదమాలి. ప్రతి అర నిమిషానికీ తీసి చూస్తే నెత్తురు ఆగదు. వంటింటి పసుపు గాటులో అద్దొద్దు, అది శుభ్రమైనది కాదు.

స్నానానికి మీ ఫ్లాస్కు ఇప్పుడు పనికొస్తుంది. గుడి నల్లా నీళ్ళు చలికాలంలో పొద్దుగాల జివ్వుమంటాయి. లీటరు వేడినీళ్ళకు మూడు లీటర్ల చన్నీళ్ళు చలికాలంలో, నాలుగు లీటర్లు ఎండకాలంలో కలిపితే ఒంటికి సరిపోతుంది. మోచేయి ముంచి చూడండి. ముందు బకెట్‌లో చన్నీళ్ళు, తర్వాత వేడివి. కోనేటిలో ముంచాలని పెద్దవాళ్ళు పట్టుబడితే మూడు సార్లు చేత్తో నీళ్ళు చల్లండి. మెడ మడతల్లో, చెవుల వెనక, చంకల్లో చిన్న వెంట్రుకలు దాక్కుంటాయి. పాత నూలు గుడ్డతో తుడిచి బట్టలు మార్చాలి. అవి ఉండిపోతే పిల్ల రాత్రంతా గోక్కుంటూ ఏడుస్తుంది, ఇంట్లో వాళ్ళు దిష్టి తీస్తూ కూర్చుంటారు.

తల ఆరాక గంధం పలుచగా పూయండి. మందంగా పూస్తే ఎండి చర్మాన్ని లాగుతుంది.

ఊర్లోనే ఇంటి ముందర తీయించేవాళ్ళు వచ్చిన నాయీబ్రాహ్మణునికి కిలోంబావు బియ్యం, పావు పప్పు, బెల్లం, కొబ్బరికాయ, తువ్వాల, దక్షిణ ఒక పళ్ళెంలో పెట్టి ఇవ్వాలి. పని మొదలుకాకముందే సర్ది పెట్టండి. అయ్యాక అందరూ పిల్ల చుట్టూ చేరి ఆయనను మరిచిపోతారు. వెంట్రుకలను మోరీలో వేయొద్దు, గుడ్డలో మూటకట్టి పారే నీటికో, చెట్టు మొదటికో చేర్చండి.

చెవులు కుట్టించడం అదే రోజు అనుకుంటే వెంట్రుకల ముందు వద్దు. కోసిన వెంట్రుకలు పచ్చి రంధ్రంలో దూరి చీము పడుతుంది. స్నానం అయ్యి, పాలు తాగి, ఒక నిద్ర తీశాక ఔసలాయనను (కంసాలిని) పిలవండి. ఇంకో వారం వాయిదా వేస్తే ఇంకా మంచిది.

తీర్థం, ప్రసాదం, భోజనం

పంచామృతంలో తేనె ఉంటుంది. ఏడాది నిండని పిల్లకు తేనె ఒక చుక్క కూడా పెట్టకూడదు. దానిలో ఉండగల సూక్ష్మజీవి పసికడుపులో పెరిగితే, దాని విషం కండరాలను చచ్చుబడేస్తుంది. అయ్యగారు చేయి చాపినప్పుడు తల్లి పిల్ల పేరున తీసుకుంటే సరిపోతుంది. కొబ్బరి ముక్క కూడా చేతికివ్వొద్దు, గొంతులో అడ్డం పడుతుంది.

భోజనం దేవుణ్ణి బట్టి. నరసింహస్వామికైతే పులిహోర, పప్పు, పరమాన్నం. మైసమ్మకో ఎల్లమ్మకో కూడా మొక్కు ఉంటే యాట. సైదులు దగ్గరైతే కందూరు, అంటే మొక్కిన యాటను దర్గా దగ్గర కోసి వండి పెట్టే విందు. 50 మందికి బగారన్నం లెక్క: బియ్యం 6 కిలోలు, నూనె 600 గ్రాములు, ఉల్లిగడ్డ కిలోంబావు, అల్లం వెల్లుల్లి ముద్ద 300 గ్రాములు, ఉప్పు 120 గ్రాములు, పుదీనా ఆరు కట్టలు. మాంసం 10 కిలోలు, దాల్చాకు పప్పు 2 కిలోలు, సొరకాయలు రెండు, పెరుగు 5 లీటర్లు. అరగంట నానిన కొత్త బియ్యానికి గ్లాసుకు గ్లాసున్నర ఎసరు, పాతవైతే రెండు గ్లాసులకు కొంచెం తక్కువ. గుట్టల కింద గాలి ఎక్కువ, మంట ఒక పక్కకే తిరిగి అన్నం ఒక దిక్కు మాడి, ఒక దిక్కు పలుకుగా ఉంటుంది. పొయ్యికి గాలి వచ్చే వైపు రాళ్ళు గానీ రేకు గానీ అడ్డం పెట్టండి. నీళ్ళు ఇంకగానే కట్టెలు లాగేసి, మూత మీద నిప్పులు వేసి ఇరవై నిమిషాలు ముట్టకుండా వదిలేయండి.

పిల్ల అన్నం ఇంటి నుంచే మెత్తగా పిసికి తేవాలి. ఆ వంట అయ్యేదాకా పిల్ల ఆగదు.

ఇంటికొచ్చాక

మొదటి ఆశ్చర్యం అద్దం ముందు ఎదురవుతుంది. ముఖం ఒక రంగు, నెత్తి ఒక రంగు. వెనక ఎవరూ చూడని పుట్టుమచ్చ బయటపడుతుంది. రెండు సుడులు కనిపిస్తే ఇంట్లో ఎవరో ఒకరు "రెండు పెండ్లిండ్లు" అని నవ్వడం ఖాయం. అక్కో అన్నో నాలుగైదేండ్ల వాళ్ళుంటే "మా పాప ఏది?" అని వెతుకుతారు. అందుకే వాళ్ళను మొదటి కత్తెర దగ్గరే పక్కన కూర్చోబెట్టాలి. తండ్రికి కూడా మొక్కు ఉంటే తన గుండును పిల్ల చూస్తుండగానే గీయించుకోవాలి. చాటుగా గీయించుకొని వచ్చి ఎత్తుకోబోతే పిల్ల గుర్తుపట్టక గగ్గోలు పెడుతుంది, రెండు రోజులు దగ్గరికి రాదు.

ఒక రోజు నూనె రాయొద్దు, మర్నాటి నుంచి కొబ్బరినూనె పలుచగా రాయండి. బయటికి వెళితే నూలు టోపీ చాలు. ఉన్ని టోపీ గుచ్చుకుంటుంది, చెమట పొక్కులు లేపుతుంది. గాటు చుట్టూ ఎర్రగా ఉబ్బినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించాలి.

మళ్ళీ మళ్ళీ గీయిస్తే ఒత్తుగా వస్తాయని ఎవరైనా అంటారు. వెంట్రుక మూలం చర్మం లోపల ఉంటుంది, బ్లేడు దాన్ని తాకదు. మొద్దుగా తెగిన కొస వల్ల చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. కాబట్టి రెండో దేవుడికి ముడుపు కట్టి ఉంటే ఐదారు నెలల తర్వాత రోజు చూసుకోండి. ఆ ప్రయాణానికి మేనమామను తప్పకుండా పిలవాలని లేదు. పిలిస్తే మాత్రం ఈసారి బట్టలు ఆయనకు మీరే పెట్టాలి.